ఆఖరి రేటు ఎవరికి చెప్పాలి

"పోతే పోనీ" అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళు తమ డబ్బు గురించి ఎప్పుడూ అనరు, అవతలివాళ్ళ డబ్బు గురించే అంటారు.

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. మా స్టాఫ్ రూములో లెక్కల సారు ఒకాయన ఉండేవాడు. ఫోన్లో క్రిప్టో నాణేలు కొనడం, అమ్మడం నాకు మొదట చూపించింది ఆయనే. ఒకరోజు నా నోటుబుక్కులో నేను రాసుకున్న నియమాలు చూసి నవ్వాడు. "ఇంత చిన్న అమౌంటుకు ఇన్ని రూల్సా మేడమ్? పెట్టిండేదే పదైదు వేలు. పోతే పోనీ అనుకుని ఆడల్ల. అప్పుడే దుడ్లు వచ్చేది" అన్నాడు. ఆయనకు ఊరి బయట వాళ్ళ నాయన ఇచ్చిన ప్లాట్లు రెండున్నాయి. యాప్ వాళ్ళిచ్చే అప్పు తీసుకుని పది రెట్ల పందెం వేస్తాడు, పోగొట్టుకుంటాడు, మళ్ళీ వేస్తాడు. పోగొట్టుకున్న రోజు అందరికీ టీ తాగిస్తాడు. అది ధైర్యమని మా స్టాఫ్ రూమంతా అనుకునేది. ప్లాట్లున్నవాడి ధైర్యం నా మీద రుద్దితే నాకెందుకు కోపం రాదు?

ఆ పదిహేను వేలు ఎలా వచ్చిందో నాకు తెలుసు. పెనుకొండలో మా ఇంటి వరండాలో సాయంత్రం ఏడుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పి, అందులో నెలకు ఐదువందలు పక్కకు తీసి, ఏడాదిన్నర పాటు కూడబెట్టింది. మొదట వేసిన ఐదు వేలూ, నెలనెలా వేసిందీ, దాని మీద వచ్చిన కొంచెం లాభమూ కలిపి పదిహేను వేల ఆరువందలు. లాభం నిజంగానే కొంచెం. ఆ కొంచెంలో కూడా ప్రభుత్వం ముప్పై శాతం తీసుకుంటుంది. ఒక బేరంలో నష్టమొస్తే దాన్ని ఇంకో బేరం లాభంలోంచి తీసివేసుకుంటామంటే మాత్రం కుదరదంటుంది. లాభంలో భాగస్వామి, నష్టంలో పరాయివాడు. దాని మీద కూడా నాకు కోపమే, కానీ అది చెప్పుకుంటూ పోతే ఈ కథ ముందుకు సాగదు.

నా లెక్క చాలా మామూలుది. ఒక్క బేరంలో నా దగ్గరున్న దాంట్లో నూటికి ఒక్క రూపాయి కన్నా ఎక్కువ పోకూడదు. పదిహేను వేలుంటే నూటయాభై. నాణెం కొనేటప్పుడే, ధర ఎంతకు దిగితే వదిలించుకోవాలో తేల్చుకుని ఆ గీతను యాప్‌లో పెట్టేయాలి. దాన్ని స్టాప్ లాస్ అంటారు. ధర ఆ గీతను తాకితే నాణెం దానంతట అదే అమ్ముడుపోతుంది. గీత దూరంగా పెడితే తక్కువ కొనాలి, దగ్గరగా పెడితే కొంచెం ఎక్కువ కొనవచ్చు, ఎలా చూసినా పోయేది నూటయాభై దాటకూడదు. యాప్ ఇచ్చే అప్పు జోలికి పోకూడదు. అంతే. ఈ గీత నాకు ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే మా స్కూల్లో టీచర్ల ఫోన్లన్నీ పొద్దున ఆఫీసులో ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయాలి. సాయంత్రం నాలుగున్నరకు గానీ చేతికివ్వరు. పగలంతా నా బదులు ఆ గీతే కాపలా ఉండాలి.

ఆ డబ్బు దేనికంటే, నా బీఎడ్ రెండో సంవత్సరం ఫీజుకు. మొదటి సంవత్సరం ఎలాగో కట్టాను. రెండో సంవత్సరానికి పద్దెనిమిది వేలు. కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు, పరీక్ష రాయనివ్వరు. బీఎడ్ లేని టీచర్లను వచ్చే ఏడు పెద్ద తరగతులకు పంపేది లేదని మా కరస్పాండెంటు మీటింగు పెట్టి మరీ చెప్పాడు. అంటే ఆ ఫీజు కట్టడం మీద నా పరీక్ష, పరీక్ష మీద నా తరగతి, తరగతి మీద నా జీతం ఆధారపడి ఉన్నాయి. దీంట్లో "పోతే పోనీ" అనడానికి ఏ ముక్క ఉందో ఆ లెక్కల సారు చూపిస్తే బాగుండేది.

మీ ఆయన కట్టడా అని అడుగుతారు. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు. చెడ్డవాడు కాదు, తాగడు, చెయ్యెత్తడు. కానీ మూడేళ్ళ కింద నేను చీటీ ఎత్తి తెచ్చిన డబ్బు బీరువాలో పెడితే, మరుసటి వారం ఆటో ఇంజను కింద ఖర్చయిపోయింది. నన్ను అడగలేదు. అడిగితే, "ఇంట్లో దుడ్లే కదా, నీవేంది నావేంది" అన్నాడు. ఆ మాట వినడానికి ఎంత బాగుంటుందో. ఇంట్లో దుడ్లు ఆటోకు పనికొస్తాయి, నా గొలుసు తాకట్టు పెడితే టైర్లకు పనికొస్తాయి, బీఎడ్ దగ్గరికి వచ్చేసరికి "ఇప్పుడు ఆ చదువు ఏమిటికి" అవుతుంది. అందుకే ఫోన్లో ఆ ఖాతా ఉందని ఆయనకు చెప్పలేదు. ఏడాదిన్నర చెప్పలేదు. ఇప్పటికీ అందుకు సిగ్గుపడను.

ఫీజు గడువు ఇంకా ఇరవై రోజులుందనగా ఒక ఆదివారం ధర్మవరం వెళ్ళాను. మా పుట్టిల్లు అక్కడే. అమ్మ పక్కింటి మగ్గం వాళ్ళకు పట్టుదారం కండెలు చుడుతుంది. మా నాయన గొర్రెల దళారి. బత్తలపల్లి వైపు, చెన్నేకొత్తపల్లి వైపు పల్లెల్లో దొడ్లు చూసి, సంతల్లో అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ బేరం కుదురుస్తాడు. మధ్యమధ్యలో సొంతానికి కూడా నాలుగు గొర్రెలు కొని, నాలుగు వారాలు మేపి అమ్ముతాడు.

గొర్రెల బేరం నోటితో చేయరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అనేది వాళ్ళకే తెలుస్తుంది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, వానల గురించో మేత గురించో మాట్లాడుతుంటారు. బేరమంతా తువ్వాలు కిందనే నడుస్తుంది. మా నాయన చేతికి ఈ పనిలో మంచి పేరు. ఆయన మొహం చూసి ఆఖరి రేటు కనిపెట్టినవాడు లేడని సంతలో అంటారు.

ఆయన గురించి చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాని అర్థం నాకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. నేను నాలుగో తరగతిలో ఉండగా నాయన సంత నుంచి నాలుగు గొర్రెలను వెనక్కి తోలుకొచ్చాడు. అమ్మ దొడ్డి తలుపు తీయలేదు. లోపలి నుంచి గడియ పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముకుంటూ కూర్చుంది. నాయన ఆ గొర్రెలతో వీధిలో చాలాసేపు నిలబడి, తర్వాత మా ఎదురింటి అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. చివరికి వాటిని మాంసం కొట్టువాడికి ఇచ్చేసి వచ్చాడు. మొగుడూ పెళ్ళాల గొడవ అనుకున్నాను. వీధిలో అందరూ చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ ఆదివారం నాయన నా పక్కన మంచం మీద కూర్చుని, ఫోన్లో ఏం చూస్తున్నావని అడిగాడు. ఆయనకు చెప్పవచ్చనిపించింది. ఆయనా బేరగాడే కదా. నాణేలంటే ఏమిటో వివరించడానికి తిప్పలు పడ్డాను గానీ, ధర ఎక్కడం, దిగడం అనేసరికి వెంటనే అందుకున్నాడు. ఎంతకు కొన్నావు, ఎంతుంది అని అడిగాడు. అప్పుడు గీత చూపించాను. ధర ఇంతకు దిగితే ఇచ్చేస్తానని ముందే ఇక్కడ రాసి పెడతాను నాయనా అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నీ ఆఖరి రేటు నువ్వే రాసి వాళ్ళ చేతికిచ్చినావా పాపా? యాడన్నా ఉండాదా ఇది? రేటు తెలిసినంక వాడు ఆడికి దించకుండా యట్లుంటాడు?"

నవ్వుతూ అనలేదు. నేనేదో చేయకూడని పని చేసినట్టు, గొంతు తగ్గించి అన్నాడు. నలభై ఏళ్ళు తువ్వాలు కింద బతికినాయన. ఆ మాట నాకు సూదిలా దిగింది, ఎందుకంటే అంతకు ముందు నెలలోనే మూడుసార్లు ధర సరిగ్గా నా గీత దాకా దిగి, నావి అమ్ముడుపోయాక మళ్ళీ పైకి లేచింది. మూడుసార్లూ నా నూటయాభై పోయింది. అప్పుడది ఆటలో భాగమనుకున్నాను. నాయన మాట విన్నాక, ఎవడో నా గీత చూసి కావాలనే దించాడనిపించింది. నాలుగున్నర వందల కోసం ఎవడో నన్ను మోసం చేశాడనిపించింది. రైల్లో పెనుకొండకు తిరిగొస్తూ దారంతా ఉడికిపోయాను.

ఇప్పుడు తలచుకుంటే ఆ కోపం నా మీదికే తిరుగుతుంది. నా రెండు వేల రూపాయల గీతను చూసి ప్రపంచంలో ఎవడు ధర దించుతాడు? లోకమంతా కొనీ అమ్మీ చేసే చోట నా గీత ఎవరికి కనబడుతుంది, ఎవరికి కావాలి? గీతలు మరీ దగ్గరగా పెట్టుకున్నాను, మామూలు ఊగులాటకే తెగాయి. అంతే జరిగింది. నన్ను ముంచడానికి ఎవడో కాచుకుని కూర్చున్నాడని అనుకోవడం కూడా ఒక గర్వమే. కానీ నేను గొర్రెల దళారి కూతుర్ని. ఆఖరి రేటు పైకి చెప్పడం అంటే మోసపోవడమేనని పాలతో పాటు తాగి పెరిగాను. వేరే ఎవరి కూతురైనా ఆ మాట విని నవ్వేసేదేమో. నేను నమ్మాను.

మరుసటి రోజు పొద్దున పెనుకొండ స్టేషన్లో హిందూపురం ప్యాసింజరు కోసం నిలబడి గీత తీసేశాను. ఆఖరి రేటు మనసులో పెట్టుకుంటాను, ఎవడికీ కనబడకుండా, అనుకున్నాను. అంతటితో ఆగి ఉంటే సగం నష్టంతో బయటపడేదాన్నేమో. ఫీజుకు ఇంకా రెండు వేల నాలుగువందలు తక్కువ. ఇరవై రోజుల్లో నూటయాభై చొప్పున ఆడితే ఆ డబ్బు రాదు. అందుకని పన్నెండు వేలు ఒక్క నాణెంలోనే పెట్టాను. అది వారం రోజులుగా ఎక్కుతోంది. లెక్కల సారు కూడా అదే కొన్నాడు. ఎంత కొన్నారని నన్ను అడిగితే చెప్పాను. "ఇప్పుడు దోవకొచ్చినారు మేడమ్" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పుకు నేను సంతోషపడ్డాను కూడా, అది తలచుకుంటే ఇంకా మంట.

నాలుగు రోజులు ఎక్కింది. తొమ్మిది వందలు లాభం కనబడింది. ఐదో రోజు స్కూల్లో యూనిట్ పరీక్షలు. పొద్దున ఫోను బుట్టలో వేశాను. మూడు గంటలు ఇన్విజిలేషను, మధ్యాహ్నం రెండు పీరియడ్లు, ఆఖరి గంట పేపర్లు దిద్దడం. నాలుగున్నరకు బుట్టలోంచి ఫోను తీసుకుని తెరిచేసరికి ధర నేను మనసులో పెట్టుకున్న రేటును ఎప్పుడో దాటి కిందికి పోయి ఉంది. గీత ఉండి ఉంటే అంతకు చాలా ముందే నావి అమ్ముడుపోయి ఉండేవి. మనసులో ఉన్న రేటు మనసులోనే ఉండి, నాతో పాటు ఆరో తరగతికి నదుల పాఠం చెప్పింది.

అక్కడే అమ్మేయాల్సింది. అమ్మలేదు. స్టేషన్‌కు నడుస్తూ, ఇంకొంచెం కిందికి ఒక రేటు పెట్టుకున్నాను. అక్కడి దాకా చూద్దాం అనుకున్నాను. రైలు పెనుకొండ చేరేలోపు అది కూడా దాటింది. ఇంకొకటి పెట్టుకున్నాను. మరుసటి రోజు ఇంకొకటి. ఎవరికీ చెప్పని రేటుతో ఉన్న సుఖం ఇదే. ఎన్నిసార్లు మార్చినా అడిగేవాడు ఉండడు. సిగ్గు కూడా వేయదు. నేనేదో ఆలోచించి చేస్తున్నట్టే ఉంటుంది. మా ఆయన పక్కన కూర్చుని అన్నం తింటూ, తలనొప్పా అని అడిగాడు. అవునన్నాను.

ఆరో రోజు సాయంత్రం అమ్మేసేసరికి నా చేతిలో మిగిలింది అంతా కలిపి ఎనిమిది వేల ఏడువందలు. మిగిలిన రెండు వారాల్లో ఆ లోటు పూడ్చలేకపోయాను, ఫీజు గడువు దాటిపోయింది. కాలేజీ ఆఫీసుకు వెళ్ళి సగం కడతానని అడిగాను. అక్కడి క్లర్కు తలెత్తకుండా, సగానికి సగం హాల్ టికెట్ ఇవ్వలేం కదమ్మా అన్నాడు. ఆయన చమత్కారానికి పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోను. జూన్‌లో స్కూలు తెరిచాక బీఎడ్ ఉన్న ఒక అమ్మాయిని ఆరు, ఏడు తరగతులకు తీసుకున్నారు. నన్ను మూడో తరగతికి దించారు. జీతం రెండు వేలు తగ్గింది. లెక్కల సారు ఆ నాణెంలో నాకన్నా ఎక్కువే పోగొట్టుకున్నాడు, టీ తాగించాడు. నేను తాగలేదు.

జీతం తగ్గాక వచ్చిన మొదటి ఆదివారం ధర్మవరం వెళ్ళింది నాయనతో పోట్లాడడానికే. దారిలో ఏమేం అనాలో వరసగా అనుకుంటూ వెళ్ళాను. ఆయన దొడ్లో పొట్టేలు కాళ్ళు చూస్తున్నాడు. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా దొడ్లోకి వెళ్ళి మొదలుపెట్టాను. నీ మాట విని గీత తీసేశాను, నీ మాట విని నా ఏడాది పోయింది, నా తరగతి పోయింది, గొర్రెలు అమ్మేవాడికి ఫోను సంగతి ఎందుకు అన్నాను. చాలా అన్నాను. ఇక్కడ రాయలేనివి కూడా అన్నాను. ఆయన మధ్యలో ఆపలేదు. నేను ఆయాసంతో ఆగాక, పొట్టేలు కాలు వదిలి, చేతులు దులుపుకుని లేచాడు.

"బేరగానికి చెప్పగాకు అంటి" అన్నాడు. "ఎవురికీ చెప్పగాకు అని యప్పుడంటి?"

నాకు అర్థం కాలేదు. ఇంకా కోపం పెరిగింది. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అమ్మ మాట్లాడింది. పొద్దున సంతకు బయలుదేరేటప్పుడు నాయన ప్రతిసారీ ఆ రోజు ఆఖరి రేటు ఆమెకు చెప్పి వెళ్ళేవాడట. జత ఇంతకు దిగితే ఇంక ఆశ పెట్టుకోకుండా ఇచ్చేసి వస్తా, వెనక్కి తోలుకొని రాను అని. ఎండాకాలంలో మేత ఉండదు, గొర్రె రోజురోజుకూ చిక్కిపోతుంది, ఒకటి చచ్చిందంటే మిగతా మూడింటి లాభం పోతుంది. సంతలో నిలబడ్డ మనిషికి ఆశ పుడుతుంది, వచ్చే వారం రేటు లేస్తుందేమోనని. ఇంట్లో ఉన్న మనిషికి ఆ ఆశ ఉండదు. అందుకే ఆమెకు చెప్పేవాడు.

"ఆ పొద్దు జత మూడు వేలకు దిగితే ఇచ్చేస్తా అని చెప్పి పొయ్యె" అంది అమ్మ. "మూడు వేలకు అడిగినారంట. ఇయ్యకుండా తోలుకొచ్చె. నేను తలుపు తీస్తే రేపు ఇంగో రేటు చెప్తాడు, ఎల్లుండి ఇంగోటి."

నేను చెప్పులతోనే దొడ్లో నిలబడిపోయాను. వీధిలో నాలుగు గొర్రెలతో నాయన అరుగు మీద కూర్చున్నది కళ్ళకు కట్టింది. గొడవ కాదది. నలభై ఏళ్ళు మా ఇల్లు నిలబడింది ఆ గడియ మీదే. తువ్వాలు సంతలో అందరికీ కనబడేది కాబట్టి నేనూ అదే చూశాను, దాని మీదే గర్వపడ్డాను. ఆ తలుపు సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగకముందే తెలుసు, ఆడపిల్లకు బేరం సంగతి ఎందుకనుకున్నారు. నాయన తల దించుకున్నాడు. మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి అది సరైన కోపమే.

ఇంకో కోపం ఉంది, అది వాళ్ళ ముందు అనలేకపోయాను. నాయనకు చెప్పుకోవడానికి అమ్మ ఉంది. నేనెవరికి చెప్పాలి? మా ఇంట్లో రేటు చెబితే, దాంతోపాటు డబ్బు ఉందని కూడా చెప్పినట్టవుతుంది. డబ్బుందని తెలిస్తే వచ్చే నెల ఆటోకు ఏదో ఒకటి వస్తుంది. పుస్తకాల్లో, వీడియోల్లో చిన్న ఖాతాకు రిస్క్ ఎలా తగ్గించుకోవాలో గంటలు గంటలు చెబుతారు. ఎంత పెట్టాలి, ఎక్కడ అమ్మాలి, అన్నీ చెబుతారు. నమ్మి చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేనివాళ్ళు ఏం చేయాలో ఒక్కడూ చెప్పడు. అలాంటివాళ్ళు ఉంటారని కూడా వాళ్ళకు తెలియదు.

బయలుదేరేటప్పుడు అమ్మ వీధి మలుపు దాకా వచ్చింది. మా ఆయనకు తెలుసా అని అడిగింది. లేదన్నాను. ఎందుకని అడగలేదు. కొంచెం దూరం నడిచాక, "నాకు చెప్పు" అంది. "మీ నాయన రేటు ఇన్నేండ్లు మనసులో పెట్టుకుంటి. నీదొకటి బరువైతుందా?"

అప్పటి నుంచి గీత యాప్‌లో మళ్ళీ ఉంది, ఈసారి కొంచెం దూరంగా, కొనేది కొంచెం తక్కువగా. దానితో పాటు పొద్దున పెనుకొండ ప్లాట్‌ఫాం మీద నిలబడి అమ్మకు ఫోను చేస్తాను. నాణెం పేరు చెప్పను, ఆమెకు అక్కర్లేదు. రేటు మాత్రం చెబుతాను. ఆమె చదువుకోలేదు, రాసుకోదు. కండె చుడుతూ విని, ఒకసారి తిరిగి చెప్పి, పెట్టేస్తుంది. సాయంత్రం రైలెక్కాక నేనే చేస్తాను. దాటిందా అంటుంది. లేదంటాను. సరే అంటుంది. నెలల తరబడి ఇంతే.

మొన్నొక రోజు స్కూలుకు సెలవు. ఫోను చేతిలోనే ఉంది. ధర దిగుతూ నా గీతకు దగ్గరగా వచ్చింది. ఇది ఊరికే ఊగులాట, మళ్ళీ లేస్తుందని నాకు గట్టిగా అనిపించింది. యాప్ తెరిచి గీతను కొంచెం కిందికి జరిపాను. నా దగ్గర ఇప్పుడు పదకొండు వేలుంది. ఫీజు గడువుకు ఇంకా నాలుగు నెలలుంది. ఒక్కసారి జరిపితే ఏమవుతుందిలే అనుకున్నాను. సరిగ్గా లెక్కల సారు గొంతుతోనే అనుకున్నాను. సాయంత్రానికి ధర పాత గీతను తాకింది. అమ్మకు ఫోను చేసి, ఇంకా దాటలేదు మా అని, జరిపిన కొత్త రేటు చెప్పాను, మామూలుగా, అదే మొదటి నుంచీ ఉన్నట్టు.

అవతల కండె తిరిగే చప్పుడు ఆగింది.

"పొద్దున నువ్వు చెప్పింది అది కాదు కదమ్మే."

సర్దిచెప్పబోయాను. పరిస్థితి మారింది మా, నీకు తెలీదు అన్నాను. ఆమె వాదించలేదు, తిట్టలేదు. పొద్దున నేను చెప్పిన రేటు ఇంకోసారి చెప్పి, ఊరుకుంది. ఫోను కూడా పెట్టలేదు. ఆమె ఊపిరి వినబడుతూనే ఉంది. అప్పుడు నాయన ఎదురింటి అరుగు మీద ఎందుకు ఒక్క మాట అనలేదో నాకు తెలిసింది.

అమ్మ లైన్‌లో ఉండగానే అమ్మేశాను. పోయింది నూట పది రూపాయలు. అయిపోయింది మా అన్నాను. సరే, అన్నం తిను అని పెట్టేసింది. మరుసటి రోజు ఆ ధర మళ్ళీ లేచింది, నేను చెప్పినట్టే. అమ్మ మీద ఎంత కోపం వచ్చిందంటే రెండు రోజులు ఫోను చేయలేదు, ఏ నాణెమూ కొనలేదు. మూడో రోజు పొద్దున ప్యాసింజరు వచ్చే వేళకు ఆమే చేసింది. కోపమా అని అడగలేదు.

"ఈపొద్దు రేటెంత?" అంది.

పళ్ళు కొరుక్కుంటూ చెప్పాను.